వాగు మొదట్లో గొలుసు

తూర్పు కెంటకీ కొండల్లో కెటిల్ వాగు. వరద వచ్చిపోయిన మూడో నెల. కూలిన ఇంటి పక్కన నిలబెట్టిన చిన్న క్యాంపర్ బండిలో, ఓ ఉదయం.

"అది కాదు వెర్నా, ఆ నీలం కోటు వద్దు. చిరిగిందేదైనా వేసుకో."

"నీలం కోటుకేమొచ్చింది అన్నయ్యా?"

"టీవీలో అంత మంచి కోటు తొడుక్కుని కొంప కొట్టుకుపోయింది మొర్రో అంటే ఎవడు నమ్ముతాడు?"

"చిరిగినవన్నీ ఆ కొంపతోనే కొట్టుకుపోయాయి. ఇది చర్చివాళ్ళు పంచింది. ఉన్నదిదొక్కటే."

"సరేలే. బొత్తాలు మాత్రం పెట్టుకోకు. పదింటికల్లా కోర్టు మెట్ల దగ్గరుండాలి మనం. లెక్సింగ్టన్ నుంచి కెమెరాలు తెస్తున్నారు. ఎవరి వల్ల?"

"నీ వల్లేలే ఎస్టిల్ అన్నయ్యా."

"మరి! బుధవారం పొద్దున్న రేడియోకి ఫోను చేసి నేనన్న మాట విని. మీరు విన్నారా?"

"రోజూ వింటాం. నీ గొంతు వినపడితేగానీ కార్లిస్‌కి కాఫీ దిగదు."

"బుధవారంది ఎలా ఉంది? నిజం చెప్పు. జిల్లా అంతా ఊగిపోయిందట. పెట్రోలు బంకులో నలుగురు ఆపి చెయ్యి కలిపారు."

"బాగా వినపడింది. అన్నీ వినపడ్డాయి."

"వినపడ్డం కాదే, ఎలా ఉంది అని."

"కాఫీ తాగుతావా?"

"పోసివ్వు. ఏమన్నానూ... ఆఁ! ఏడు సముద్రాల అవతల ఎవడి వంతెన కూలినా వారం తిరక్కుండా డబ్బు పంపిస్తారయ్యా, ఎవడి కొంప మీదో బాంబు వెయ్యాలంటే గంటలో వేస్తారయ్యా, కెటిల్ వాగుకి మాత్రం ఒక్క మనిషిని పంపలేరా అన్నాను. ఒక్క మనిషి! అక్కడ రేడియో అబ్బాయి కూడా నోరు మూసుకుని విన్నాడు."

"ఊఁ."

"ముప్పై ఏళ్ళు గాడిద గుర్తు పార్టీకి ఓటేశాం, తన్నింది. సరే కదా అని ఏనుగు గుర్తు పార్టీకి వేశాం, తొక్కింది. ఇక మిగిలిన జంతువేదో చెప్పండయ్యా అన్నాను. అదే అందరికీ నచ్చింది."

"ఆ మాటకి కార్లిస్ నవ్వాడు. నవ్వి నవ్వి దగ్గు పట్టుకుంది. అరగంట."

"ఇప్పుడెలా ఉన్నాడు? పడుకున్నాడా?"

"ఆ పరదా వెనకాలే ఉన్నాడు. పడుకుంటే ఊపిరాడదు, కూర్చునే ఉంటాడు."

"కార్లిస్ బావా! ఈ రోజుతో నీ పని అయిపోయిందనుకో! వారంలో నీకు ట్రైలర్ ఇల్లు తెప్పించకపోతే నా పేరు ఎస్టిల్ కాదు!"

"పలకరించకు అన్నయ్యా. నువ్వు పలకరిస్తే జవాబివ్వాలని చూస్తాడు. జవాబిస్తే ఆయాసం."

"డాక్టరమ్మ ఏమంది?"

"ఏమంటుంది. ముప్పై ఏళ్ళ బొగ్గు ఊపిరితిత్తుల్లో ఉంది, పైన ఈ తేమ. గోడలు చూడు, ఎంత తుడిచినా మళ్ళీ బూజు నల్లగా పొడుస్తోంది. పొడిగా ఉండే ఇంట్లోకి మార్చకపోతే చలికాలం దాటడంది. అంతే. మొహం మీదే చెప్పింది, దాచలేదు."

"నా ఇంటికి తీసుకుపోదామంటే..."

"నీ ఇంటి మెట్లు ఎక్కేసరికే పోతాడు. ఎక్కినా నీది బొగ్గు పొయ్యి. ఎన్నిసార్లు అనుకోలేదు ఇది?"

"అందుకే కదా చెప్పేది, సర్కారోళ్ళు ఇచ్చి తీరాలని. ముష్టి అడుగుతున్నామా? మన పన్నులు!"

"పోయిన ఏడు వరకూ నువ్వే కదా, సర్కారు చెయ్యి చాపిస్తే జనం సోమరిపోతులవుతారు అన్నావు."

"అది వేరు. గేహార్ట్ వాళ్ళలాంటి వాళ్ళ గురించి అన్నాను. సర్కారిచ్చే తిండి కార్డు మీద చేపలు కొనుక్కుంటారు, నది పక్కన ఇల్లు పెట్టుకుని."

"మరి నీకు నెలనెలా వచ్చే గని జబ్బు డబ్బులో?"

"అది నా కష్టార్జితం!"

"అవునవును. నీకొచ్చేది హక్కు, ఎదుటోడికొచ్చేది ముష్టి."

"నువ్వు ఎటు మాట్లాడుతున్నావు వెర్నా? పొద్దున్నే వాదన దేనికి? రా, ఒకసారి చెప్పి చూపించు. కెమెరా ముందు తడబడితే బాగోదు. నేను టీవీవాణ్ణనుకో. ఊఁ, అడుగుతున్నాను: అమ్మా, వరదొచ్చి ఇన్నాళ్ళయింది, ప్రభుత్వం తరఫున ఎవరైనా వచ్చి మీ ఇల్లు చూశారా?"

"లేదండీ."

"అలా చచ్చినట్టు కాదు. కడుపులోంచి రావాలి. 'ఒక్కరంటే ఒక్కరు కూడా మా వాగు గడప తొక్కలేదండీ' అను. అని, బావ వైపు చెయ్యి చూపించు."

"బావ ఎక్కడ? ఆయన ఇక్కడుంటే కోర్టు దగ్గర చెయ్యి ఎవరికి చూపించను?"

"ఫోటో పట్టుకో."

"అన్నయ్యా, నేను రాను."

"ఏంటి?"

"ఆయన్ని వదిలి రాను. నువ్వెళ్ళు. నువ్వు బాగా చెప్తావు."

"నేను చెప్తే ముసలోడు రంకెలేస్తున్నాడంటారు. నువ్వు చెప్తే దేశం ఏడుస్తుంది. అర్థం చేసుకో. జనం మండిపోతున్నారిప్పుడు. ఈ మంట ఉన్నప్పుడే రొట్టె కాల్చుకోవాలి. వచ్చే వారానికి ఇంకెక్కడో ఇంకేదో కూలుతుంది, జనం అటు పోతారు. పక్కింటి మేరీని కూర్చోబెడదాం బావ దగ్గర."

"ఎవరూ రాలేదని చెప్పలేను అన్నయ్యా."

"ఎందుకు చెప్పలేవు? వచ్చారా ఎవరైనా?"

"కాఫీ చల్లారిపోతోంది."

"వెర్నా. వచ్చారా?"

"నిన్న చర్చి దగ్గర తిండి పొట్లాల వరసలో నిలబడ్డాను. అక్కడొక అమ్మాయి ఉంది. మెడలో సర్కారు బిళ్ళ. కూలిన ఇళ్ళు చూసి ట్రైలర్లకి రాసే అమ్మాయట. కెటిల్ వాగు పై ఇల్లు మాది అంటే మొహం అదోలా పెట్టింది. 'మీ దారికి నేను మూడుసార్లు వచ్చానండీ' అంది."

"అబద్ధం."

"వాగు మొదట్లో దారికడ్డంగా గొలుసు ఉందంది. గొలుసుకి బోర్డు ఉందంది. బోర్డు మీదేముందో అక్షరం పొల్లుపోకుండా చెప్పింది."

"ఆ బోర్డు... అది దొంగల కోసం పెట్టింది! వరద తగ్గిన మర్నాటి నుంచీ రాగి తీగలు పీక్కుపోవడానికి వస్తుంటే! పెట్టమన్నది మీరంతా కాదూ?"

"అందరం అన్నాం. కాదన్లేదు."

"మరి!"

"'గొలుసు దాటినవాణ్ణి పోలీసుకి చెప్పం, మేమే పాతిపెడతాం' అని రాసి ఉంటే ఆ పిల్ల ఎలా దాటుతుంది? దాన్ని పంపినవాళ్ళు, మూసిన దారి దాటొద్దని రూలు పెట్టారట. మొదటిసారి చదివి వెనక్కి పోయింది. రెండోసారీ అంతే."

"దాటమని ఎవడన్నాడు? గొలుసుంటే ఏం చెయ్యాలో ఈ కొండల్లో పసిపిల్లాడికి కూడా తెలుసు. బండి దిగకూడదు. కూర్చుని రెండుసార్లు హారన్ కొట్టాలి. మొదటింటివాడు తాళం చెవి పట్టుకుని దిగి వస్తాడు. మొదటిల్లు నాదే కదా! మా తాత నాటి నుంచీ ఇదే పద్ధతి."

"ఆ పిల్లది అరిజోనా. వాళ్ళ ఎడారిలో వాగులూ లేవు, గొలుసులూ లేవు."

"అయితే ఫోను చెయ్యొచ్చుగా!"

"నా ఫోను వాగులో పోయింది. నీ ఇంటి నంబరే ఇచ్చాను. చేసిందట. పొద్దున్న ఎప్పుడు చేసినా మాట్లాడుతున్నారనే వచ్చేదట."

"రేడియోలో వరసలో ఉండాలంటే ఫోను పట్టుకునే ఉండాలి మరి. నా కోసం పట్టుకున్నానా? మీ కోసమే కదా ఆ అరుపులన్నీ!"

"నేనేమన్నానూ?"

"అనలేదులే, చూస్తున్నావుగా. సరే, ఇప్పుడైనా రమ్మను. నేనే గొలుసు తీసి పట్టుకుని నిలబడతాను. బోర్డు పొయ్యిలో పడేస్తాను."

"గడువు అయిపోయింది."

"గడువేంటి గడువు! వరదకి గడువుందా?"

"అదే అడిగాను. పాపం, అది ఏడ్చినంత పని చేసింది. 'చూడలేకపోయిన ఇల్లు' అని పైకి రాసేశారట. ఉన్న ట్రైలర్లన్నీ పక్క జిల్లాకి తోలేశారట. ఇక మా దగ్గర ఒక్కటీ లేదండీ అంది. నా చెయ్యి పట్టుకుంది అన్నయ్యా. నాకైతే తిట్టబుద్ధి కాలేదు."

"గేహార్ట్ వాళ్ళకొచ్చింది కదా!"

"వాళ్ళ దారికి గొలుసు లేదు. తాగు. చల్లారినా తాగు. పంచదార ఉంది ఇంకా."

"నాకొద్దు. అమ్మ పెట్టదు, అడుక్కు తిననివ్వదు, అదీ మన సర్కారు. ఒక్క మాట చెప్పు. హారన్ కొట్టొచ్చుగా? మూడుసార్లు వచ్చింది, ఒక్కసారైనా హారన్ కొట్టడానికి ఏం మాయరోగం? కొట్టి ఉంటే నేను పరిగెత్తుకు రానూ? అమ్మ సమాధి మీద ఒట్టు, చెప్పుల్లేకుండా వచ్చేవాణ్ణి."

"ఒట్లెందుకు అన్నయ్యా."

"బావ ప్రాణం కంటే నాకు ఎక్కువేముంది? ఇద్దరం ఒకే గనిలో, ఒకే దీపం వెలుగులో పనిచేశాం. కప్పు కూలిన రోజు నన్ను భుజానేసుకుని మోసుకొచ్చాడు. హారన్ వినపడీ రాకుండా ఉంటానా నేను?"

"ఉండవు. నాకు తెలుసు. పద, వస్తాను."

"ఎక్కడికి?"

"కోర్టు దగ్గరికే. నువ్వు చెప్పమన్నట్టే చెప్తాను. ఎవరూ రాలేదంటాను. గడప తొక్కలేదంటాను. ఫోటో పట్టుకుంటాను."

"ఇప్పటిదాకా రానన్నావు?"

"ఇప్పుడు వస్తానంటున్నాను. ఇక వదిలెయ్ ఆ సంగతి. నువ్వు నోటికి తెచ్చుకోకు, నేనూ తెచ్చుకోను. ట్రైలర్ ఎలాగూ రాదు. నీ మాటన్నా నిలబడనీ. కోటు బొత్తాలు విప్పాను, చాలా?"

"నువ్వేదో దాస్తున్నావు."

"ఏం దాస్తాను, ఈ పెట్టెంత బండిలో."

"వెర్నా, నా మొహం చూసి చెప్పు. హారన్ కొట్టిందా ఆ పిల్ల?"

"టైమవుతోంది అన్నయ్యా, పద."

"కొట్టిందా?"

"మూడోసారి. బంకులో ఎవరో చెప్పారట, బండి దిగకుండా రెండుసార్లు కొట్టు, పైనుంచి తాళం చెవితో వస్తారు అని. కొట్టి కూర్చుందట. మళ్ళీ కొట్టిందట. ఎవరూ దిగి రాలేదట. అదే ఆఖరి రోజు."

"ఏ రోజు?"

"బుధవారం పొద్దున్న."

"బుధవారం నేను ఇల్లు కదల్లేదు! రేడియోలో ఉన్నాను, ఊరందరికీ తెలుసు. హారనూ లేదు, గీరనూ లేదు! చూశావా? ఇప్పుడు దొరికింది. రాకుండానే వచ్చానని రాసుకుని జీతం తీసుకుంటోందది! ఇదీ మన సర్కారు! దాని పేరేంటి?"

"పేరెందుకు?"

"పేరు చెప్పు. ఈ రోజు కెమెరాల ముందు ఆ పేరే చెప్తాను. ట్రైలర్ సంగతి తర్వాత. కార్లిస్ బావ చావుకి ఎవరు బాధ్యులో దేశమంతా చూడాలి. సాయంత్రానికి దాని ఉద్యోగం ఊడకపోతే అప్పుడడుగు!"

"అన్నయ్యా, వద్దు. చిన్నపిల్ల."

"చిన్నపిల్లలే కొంపలు ముంచేది! మెళ్ళో బిళ్ళ ఉందన్నావు కదా, దాని మీద పేరు చదివే ఉంటావు. చెప్పవూ? నేనే చర్చికి పోయి కనుక్కుంటాను. నాతో వచ్చేవాళ్ళు యాభైమంది ఉన్నారు. అందరం కలిసే అడుగుతాం."

"వెర్నా... ఆ పరదా... తియ్యి."

"నువ్వు మాట్లాడకు కార్లిస్. నీకు దణ్ణం పెడతాను. నువ్వనకు, అది అనాల్సిన మాట కాదు."

"చూడు, బావ కూడా లేచాడు! చెప్పు బావా, నువ్వే చెప్పు దీనికి. వదిలెయ్యమంటావా ఆ పిల్లని?"

"వదిలెయ్ బావా... దాని తప్పు లేదు. హారన్ మేమూ విన్నాం... నీ రేడియోలోనే. 'ఒక్క మనిషి రాలేదు' అంటున్నావు... నీ మాట వెనకాల మోగింది. అదేంటండీ అని రేడియో అబ్బాయి అడిగాడు కూడా. గ్యాసు బండి అనుకున్నాం మేం... నువ్వేమన్నావో గుర్తులేదా? 'ఎవడో కింద గొలుసు దగ్గర కొట్టుకుంటున్నాడు, కొట్టుకోనీ... ముందు నన్ను పూర్తిగా చెప్పనివ్వండి' అన్నావు."