సీటు జరపొద్దు

అన్న పోయాక షెడ్డులో పడి ఉన్న ఫోర్‌వీల్ డ్రైవ్ జీపును మరిది తన చేతులతో బాగుచేశాడు. ఆ సాయంత్రం ఇంజను మొదటిసారి పలకగానే వదిన వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది.

"ఆ చప్పుడుకి మీ అన్నయ్యే వచ్చారనుకున్నానయ్యా! పాలు పొయ్యి మీదే వదిలేశాను."

"నాక్కూడా ఒళ్లు ఝల్లుమంది వదినా. ఎక్కండి, మీరే నడపాలి."

"కాళ్లు అందట్లేదుగా!"

"అన్నయ్య తాడిచెట్టు కదా, సీటు బాగా వెనక్కి జరుపుకున్నాడు. ఉండండి, ముందుకు లాగుతాను."

"వద్దు. దాన్ని ముట్టుకోకు."

"ఏమైంది వదినా?"

"బట్టలిచ్చేశాను, చెప్పులిచ్చేశాను. ఆయన కూర్చున్నది కూర్చున్నట్టే ఉన్న చోటు ఇదొక్కటే."

"మరి బండి నడుపుతానని ముచ్చటపడ్డారే? మీ కోసమే కదా ఇంత కష్టపడ్డాను."

"నువ్వు నడుపు. నువ్వూ ఆయనంత పొడుగేగా. నేను పక్కన కూర్చుంటాను."

"ఎక్కడికి పోదాం?"

"ఎక్కడికైనా సరే. గతుకుల దారిలో పోనీ, ఆయనకి అదే ఇష్టం. నేను కళ్లు మూసుకుంటాను."

"అలాగే వదినా."

"ఇంకొక్క మాట. దారిలో నువ్వు మాట్లాడకు నాయనా. గొంతు వింటే నువ్వని తెలిసిపోతుంది."

మరిది తలూపి, నెమ్మదిగా గేరు వేశాడు.