బోర్డు వెనక గువ్వగూడు

హలో… ఆ, నేనే బిడ్డా, రాములమ్మనే. నా ఫోను నేనుగాక ఇంకెవరెత్తుతరు, నాకేమన్న సెక్రెటరీ ఉన్నదా?

…వందనాలు, వందనాలు. రేపల్లెల అందరు మంచిగున్నరా? అయ్యగారు?… చేపల పులుసు తిని జర ఒళ్లు చేసిండా అని అడుగుతున్న… నవ్వు, నవ్వు. నెలన్నర కెల్లి నీ నవ్వు ఇనలే.

…లే, అట్లనే పిలుస్త. సంఘం ముందట అమల పాస్టరమ్మగారు అంట, ఫోన్ల బిడ్డ అంట. కాన్పుల వార్డుల ఇరవై ఏండ్ల కెల్లి ఆయా పని చేస్తున్న నోరు ఇది. డాక్టరమ్మను సుత ఒక్కోపాలి బిడ్డ అనేస్త, ఏం చేస్తం.

…ఇక్కడనా? ఇక్కడేముంటది. సమ్మె. తెలంగాణ కోసమని బస్సుల్లేవు, బడులు లేవు, బొగ్గు లేదని కరెంటు లేదు. ఎల్బీ నగర్ చౌరస్తల రోడ్డు మీదనే పొయ్యి పెట్టి వంటావార్పు చేస్తున్నరు. మన కండక్టరు మట్టయ్య లేడూ, ఇంట్ల గిలాస కడగనోడు, అక్కడ గంటె పట్టుకొని వెయ్యి మందికి పప్పు కలుపుతున్నడు. వాళ్లావిడ పోయి చూసి వచ్చింది, ఈయన మా ఆయనేనా అని.

…ఆ, గదే అడుగుతవని తెల్సు. పొద్దుగాల పిల్లల క్లాసు ఎట్లయిందనే గద ఫోను చేసినవ్?

…అయింది.

…మంచిగయిందా అంటే… ఆగు, చెప్తా. ముందుగాల నీ మీద ఒక ఫిర్యాదున్నది. చదువురాని ముసల్దానికి సండే స్కూలు అప్పజెప్పుడు ఏంది నువ్వు? నాకు చేతకాదు తల్లీ అని మొత్తుకుంటే ఏమన్నవ్ శుక్రవారం? "దేవుడు చేసింది ఏదైనా ఒకటి చూపించు పిన్నీ, దాని గురించి నాలుగు మాటలు చెప్పు" అన్నవ్. ఇంత అల్కగ చెప్పినవ్! నిన్న దినమంత దిల్‌సుఖ్‌నగర్ గల్లీలన్ని తిరిగిన, దేవుడు చేసింది ఏమన్న దొరుకుతదేమోనని. ఎటు చూసినా కోచింగ్ సెంటర్ల బోర్డులు. అడవి పువ్వులు చూపిద్దామంటే బతుకమ్మలకని ఉన్న తంగేడు, గునుగు అంత తెంపుకపాయె. మిగిలింది ఒక బర్రె. అది సుత ధర్నాలెక్క రోడ్డుకు అడ్డం పండుకున్నది.

…బర్రె గురించి చెప్పలే. నవ్వకు, ఇను.

మన ప్రార్థన హాలు మెట్లెక్కుతుంటే గోడకు సంఘం బోర్డున్నది గద. దాని ఎనక, గోడకు బోర్డుకు నడుమ సందుల, గువ్వ గూడు పెట్టింది… నువ్వెప్పుడు చూస్తవ్? మీరు పొయినంకనే పెట్టింది. పాస్టరు లేడు, ఇల్లు ఖాళీ, కిరాయి అడిగేటోడు లేడు అనుకున్నదేమో.

…గూడా? అయ్యో, దాన్ని గూడు అంటే గూళ్లకు సిగ్గు. ఏడెనిమిది పుల్లలు, చీపురు ఈనెలు రెండు, ఇంత తీగ ముక్క. కింది నుంచి చూస్తే ఆకాశం కనబడుతది. దాంట్ల రెండు పిల్లలు. కరెంటు లేకపాయె, హాలంత చీకటి, పద్నాలుగు మంది పిల్లల్ని మెట్ల మీదనే కూసోబెట్టిన. చూడుండ్రి, గీ గువ్వకు ఇల్లు కట్టుడు రాదు. ధాన్యం దాసుకునుడు రాదు. నాలెక్కనే చదువు రాదు. అయినా పొద్దున లేస్తే దాని నోట్ల గింజ ఉంటది. ఎవరు పెడుతున్నరు? అని అడిగిన.

…"దేవుడు" అంటరనుకున్న. ఒకడు "మట్టయ్య మామ" అన్నడు. వంటావార్పు కాడ రాలిన మెతుకులకు గువ్వలన్ని అక్కడ్నే ఉంటున్నయంట! ఏం చెప్తవు దానికి?… నేనా? మట్టయ్య మామకు గంటె ఎవరిచ్చిన్రు మరి అన్న. ఎట్లనో దాటిచ్చిన.

…అంతే అయితే ఇంతసేపు చెప్తనా. గాలి లేచింది.

…ఆ, దుమారం. వానకు ముందొస్తది చూడు, అసొంటి గాలి. పొద్దుగాల ర్యాలీ బ్యానరు గల్లీకి అడ్డంగ కట్టిన్రు. ఒక దిక్కు తాడు కరెంటు స్తంభానికి, ఇంకో దిక్కు తాడు ఎక్కడ కట్టిన్రనుకున్నవ్? మన బోర్డు చువ్వకు. గాలికి బ్యానరు పడవ తెరచాపలెక్క ఉబ్బింది. బోర్డు పైనున్న మొల ఊడింది. బోర్డు ఇట్ల ముంగటికి వంగింది బిడ్డా… గూడు జారుతున్నది. గూట్ల పిల్లలు ఒర్రుడు. తల్లి గువ్వ అటు ఇటు కొట్టుకునుడు.

…ఎవరున్నరంటే — మగోళ్లు ఇద్దరే. గీ దిక్కు మట్టయ్య, బిడ్డను దింపనీకి వచ్చిండు. గా దిక్కు మన ఆంధ్రా గంగాధరరావు సారు.

…ఆ. వాళ్లిద్దరే. ఉన్నోళ్లల్ల ఆ ఇద్దర్నే ఏరి పెట్టిండు దేవుడు.

వాళ్లిద్దరికి మాటల్లేవ్. అదే కోపం ఇంక. మట్టయ్యేమో తెలంగాణ ఇయ్యి ప్రభువా అని పైకి ప్రార్థన చేసుడు, సారేమో రాష్ట్రం ఒక్కటిగ ఉంచు తండ్రీ అని చేసుడు, మీ అయ్యగారేమో రెంటికీ "ఆమెన్" అనుడు! మంచోడే, కాదంటలేను. కని రెండు ఆమెన్లు ఒక్కసారి ఎట్ల కుదురుతయి? ఆ దినం కెల్లి ఒకాయన కిటికి దిక్కు, ఒకాయన గోడ దిక్కు. నడుమ ఖాళీ చాపలు. మీరు ఊరికి పొయినంక ఇంకా ముదిరింది.

…చెప్తున్న గద. సారు పొడుగు మనిషి. ఉరికొచ్చి స్టూలెక్కి రెండు చేతులతోని బోర్డును పైకి ఎత్తి పట్టిండు. "కత్తి ఇవ్వండమ్మా, ఆ తాడు కోసేస్తే సరి" అన్నడు. మట్టయ్యకు కాలింది. "బ్యానరు మీద చెయ్యేస్తే మంచిగుండది సారూ" అన్నడు. గల్లీల బ్యానరు కట్టిన పోరగాళ్లు సుత చూస్తున్నరు. ఒక్క మాట అటిటైతే ఏమయితుండెనో.

…ఏం చేసిననా? ఒర్లిన. "కోసుడు లేదు, కొట్లాట లేదు, మట్టయ్యా, కట్టింది మీ వోళ్లే, ఇప్పేది నువ్వే" అన్న. బండ ముడి బిడ్డా, గాలికి గుంజుకొని ఇనుమైంది. గోళ్లతోని, పండ్లతోని ఇప్పుతున్నడు. సారు బోర్డును అట్లనే ఎత్తి పట్టుకొని ఉన్నడు. పావుగంట. చెమట కండ్లల్లకు పోతున్నది, తుడుసుకుంటే బోర్డు పడుతది. మట్టయ్య పండ్ల నడుమ తాడు పెట్టుకొని అంటడు గదా, "సారూ, ఒక్కపాలి జై తెలంగాణ అను, జల్ది ఇప్పుత" అని. సారేమన్నడో తెల్సా? "ముందు ముడి విప్పవయ్యా బాబూ, చేతులు ఊడి కిందపడ్డాక ఏమైనా అంటాను!"

…హహ్హహ్హ… పిల్లలు, గల్లీల పోరగాళ్లు, అందరు నవ్వుడే. వాళ్లల్ల ఇద్దరు వచ్చి సారు పక్కన బోర్డు పట్టిన్రు. ముడి ఇడింది. బ్యానరు తీసి ఎదురుంగ ఉన్న స్తంభానికి కట్టుకున్నరు. బోర్డుకు మట్టయ్యే కొత్త మొల కొట్టిండు.

…సారు అన్నడా అంటవా? అనలే. మట్టయ్య సుత మల్ల అడగలే. మెట్ల మీద కూసోని ఇద్దరు ఒక్క సీసల నీళ్లు తాగిన్రు. అంతే. వచ్చే ఆదివారం ఎటు దిక్కు కూసుంటరో నాకు తెల్వది. పెద్దగ ఆశ పెట్టుకోకు.

…గువ్వ పిల్లలా.

…ఒకటి ఉన్నది బిడ్డా.

…ఆ. ఒకటి ముందుగాలనే జారింది. సారు అందుకునే లోపటనే. మెట్టు మీద పడ్డది.

…లే. పోయింది.

…గందుకే గద, క్లాసు మంచిగయిందా అంటే ఏం చెప్పాల్నో తెల్వలే నాకు. మట్టయ్య బిడ్డ సంధ్యారాణి ఉన్నది చూడు, రెండు జడల పిల్ల, గది ఆ గువ్వపిల్లను చేతులల్లకు తీసుకొని వచ్చి నా ముంగట నిలబడ్డది. "నానమ్మా, దేవుడు చూసుకుంటడంటివి గద. మరి గిది?" అన్నది.

…ఏం చెప్తా. పద్నాలుగు జతల కండ్లు నన్నే చూస్తున్నయ్. పుస్తకం చదివినోళ్లయితే ఏదన్న తీసి చెప్తుండిరి. నాకు తెల్వది అన్న.

…నిజమే చెప్పిన బిడ్డా. పిల్లలకు అబద్ధం ఎట్ల చెప్తం? ఎందుకు పడ్డదో నాకు తెల్వదమ్మా అన్న. కని మీ అయ్యగారు వాక్యం చదువుతుంటే చెవులతోని ఇన్నది ఒకటి మనసుల ఉన్నది. పిట్ట కింద పడదు అనలే ప్రభువు. తండ్రికి తెల్వకుంట పడదు అన్నడు. రెంటికీ మస్తు ఫరకున్నది. పడ్డదాన్ని సుత చూసేటోడు ఒకడున్నడు అని. లెక్కలకెల్లి తప్పిపోలే అని. గంతే చెప్పిన. సంధ్యారాణికి నచ్చిందో లేదో. పూలకుండిల గుంత తీస్తా నానమ్మా అన్నది. తీసింది. అందరు తలా ఇంత మట్టేసిన్రు.

…

…హలో? బిడ్డా?

…ఉన్నవా?

…అయ్యో. నేను గిది చెప్పకుంట ఉండాల్సుండె. నా నోరే గింత.

…సరే. సరే. చెప్పాల్సిందే అంటవా.

…ఇను. ఒక మాట అంటా, కోపానికి రాకు. సంఘంల అందరు మీరు కొట్లాటకు అలిగి ఊరికి పొయిన్రనుకుంటున్నరు. కొంతమంది సమ్మెకు భయపడ్డరంటున్నరు. నేను ఎవ్వరికీ ఏమీ చెప్పలే. నాకు తెల్సు. శ్రావణంల నీ కాన్పు అట్లయినప్పుడు డ్యూటీ నాదే గద. ఏడో నెల. అంతమందికి కాన్పులు చేయంగ చూసిన, నీకు చేయంగ మాత్రం ప్రార్థన చేసుకుంట నిలబడ్డ.

…ఆ.

…ఆ, అడుగు.

…ఇన్ని దినాలు నువ్వు అడగలే, నేను చెప్పలే. మీ అత్తమ్మ చూపియ్యద్దన్నది, తట్టుకోదు అన్నది. అయ్యగారు తలకాయ ఊపిండు. ఆయనకు సుత ఏం తోచలేదు పాపం. నువ్వు మత్తుల ఉంటివి, సోయిల లేవు… నిజంగ అడుగుతున్నవా? చెప్పాల్నా?

…ఆడపిల్ల. గది నీకు తెల్సు.

…జుట్టు. మస్తు జుట్టు బిడ్డా, నల్లగ, తడిగ, నుదురు మీద అతుక్కొని. చేతి ఏళ్లు పొడుగు, అయ్యగారివి. గదువ మాత్రం నీదే. నడుమ నొక్కున్నది చూడు, అచ్చం గదే.

…నేనే తుడిచిన. గోరువెచ్చటి నీళ్లతోని. నీ సంచిల నువ్వు తెచ్చుకున్న పసుపుపచ్చ బట్ట ఉండె గద, చిన్న పూలది? గదాంట్లనే చుట్టిన. ఆస్పత్రి బట్ట కాదు, నీదే.

…అయ్యగారు కాగితాలు రాసి వచ్చేదాక ఎత్తుకున్న. అరగంటుంటది. కింద పెట్టలే. ఒక్క నిమిషం సుత పెట్టలే. ఉత్తగ ఎట్లుంటం, జోల పాడిన. మా అమ్మ పాడేది. గొంతు మంచిగుండది నాకు, కని పాడిన.

…ఆ. పైనున్న ఆయనకు తెల్సు బిడ్డా. నాకు సుత తెల్సు. ఇప్పుడు నీకు సుత తెల్సె.

…ఏడువు. ఏం కాదు. ఏడువు… నేనెక్కడికీ పోను, డ్యూటీ రేపు పొద్దుగాల.

…

…ఆ… ఉన్న బిడ్డా… ఉన్న.

…ఎప్పుడు?… బుధవారం వస్తవా? అయ్యగారిని అడగకుంటనే చెప్పేస్తున్నవ్, అచ్చం మా వార్డు డాక్టరమ్మలెక్క. ప్రైవేటు బస్సుల రా. దారిల ఆపితే ఆపుతరు, ఏమీ అనరు. భయముంటే ఫోను చెయ్యి, మట్టయ్యను ఎల్బీ నగర్ కాడ నిలబెడుత. గంటె సుత పట్టుకొని రమ్మంట.

…గది. గట్ల నవ్వు. ముక్కు తుడుసుకో, చీదుడు ఇక్కడిదాక ఇనబడుతున్నది.

…ఎవరు? ఎవరొచ్చిన్రు?… ఇయ్యి, ఆయనకే ఇయ్యి ఫోను.

ఆ, వందనాలు అయ్యగారూ… నేనే, రాములమ్మను… లే, ఏం కాలే, సంఘంల అందరు మంచిగనే ఉన్నరు… ఆ, ఏడుస్తున్నది. నేనే ఏడిపిచ్చిన. మీ బిడ్డ ముచ్చట చెప్పుకున్నం.

…ఆ.

…ఆ, అయ్యగారూ. ఎట్లుండెనో చెప్పిన. మీరు సుత ఇనాలంటే ఆమెనే అడుగుండ్రి, ఆమెకు అంత తెల్సు ఇప్పుడు. ముందుగాల పోయి పక్కన కూసోండ్రి… లే, వాక్యం వద్దు. ప్రార్థన సుత తర్వాత. మీకు మాట్లాడకుంట ఉండుడు కష్టమే, నాకు తెల్సు. ఉత్తగ కూసోండ్రి అంతే… ఆ, చెయ్యి పట్టుకోవచ్చు. గది పట్టుకోండ్రి.

ఫోను నేనే పెట్టేస్తున్న.