విమానానికి రొట్టె చక్రం

బస్సు డిపో వెనక గేటు పక్కన ఒక టీకొట్టు ఉంది. మధ్యాహ్నం బస్సులన్నీ వెళ్లిపోయాక దాని ముందు బెంచీ ఖాళీ అవుతుంది. అప్పుడు స్టీరింగ్ బాబాయ్ వచ్చి సరిగ్గా మధ్యలో కూర్చుంటాడు. ముప్ఫై ఒక్క ఏళ్లు బస్సు నడిపి నిరుడు రిటైరయ్యాడు. ఇప్పుడు ఇంట్లో వంటంతా, ముఖ్యంగా కేకులూ రొట్టెలూ, తన చేతి మీదే నడుస్తోందని చెప్పుకుంటాడు. ఆ రోజు బెంచీకి ఒక చివర ఎలక్ట్రీషియన్, ఇంకో చివర టైలర్ కూర్చున్నారు. టీకొట్టు అక్క పాలు కాస్తోంది.

"నాకు గొప్పలు చెప్పుకోవడం చేతకాదు," అని మొదలుపెట్టాడు బాబాయ్. "ఉన్నదున్నట్టు చెప్తా, వింటే వినండి. రిటైరైన వారానికి ఊరికే కూర్చోలేక ఒక రొట్టె చేశా. ఎంతది? ఇదిగో, నా అరచెయ్యంత. మైదాలో ఈస్ట్ కలిపి, పిసికి, తడిగుడ్డ కప్పి, గడ్డం గీయించుకోవడానికి వెళ్లా. స్టీరింగ్ తిప్పి తిప్పి రాటుదేలిన చేతులు కదా, పిసుకుడు కాస్త ఎక్కువైనట్టుంది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"పొంగింది," అన్నాడు ఎలక్ట్రీషియన్.

"అందరి పిండీ పొంగుతుందిరా. నేనొచ్చేసరికి మా వంటింటి తలుపు తెరుచుకోదే! అవతలి నుంచి ఎవరో మెత్తగా తోస్తున్నట్టుంది. వీధిలోకెళ్లి చూద్దును కదా, పిండి కిటికీలోంచి బయటికొచ్చి గోడ పట్టుకుని పైకి పోతోంది. మొదటి అంతస్తు దాటింది, రెండో అంతస్తు దాటింది, మూడో అంతస్తులో బామ్మగారి బాల్కనీ దగ్గర ఆగింది. ఆవిడకి మోకాళ్ల నొప్పులు. మా బిల్డింగుకి లిఫ్టు లేదు. ఆరేళ్లుగా ఆవిడ కాలు నేల మీద పెట్టలేదు. ఏం చేసిందీ? కళ్లజోడు తీసి గుప్పిట్లో పెట్టుకుని, పిండి మీద కూర్చుని, సర్రున జారి వీధిలోకొచ్చేసింది. తాపీగా కూరగాయలు కూడా ఏరుకుంది."

"మళ్లీ పైకెలా వెళ్లింది?" అంది అక్క.

"మంచి మాట అడిగావమ్మాయ్. సాయంత్రం దాకా పిండి ఇంకా పొంగుతూనే ఉంది కదా. కింద కూర్చోబెట్టాం. అదే తీసుకెళ్లి దించింది."

అక్క గరిటె ఆపకుండా పాలు కలుపుతూనే ఉంది.

"అంత పిండికి నీళ్లెన్ని పోశావు బాబాయ్?" అని అడిగాడు టైలర్.

"ఉండరా, మధ్యలో అడ్డుపడకు. దాన్ని కాల్చాలంటే మా ఓవెన్ ఏ మూలకి? ఇటుకల బట్టీ అతన్ని బతిమాలా. నా మొహం చూసి రెండు రోజులు ఇటుకలు ఆపేశాడు. ఆ రొట్టె కాలే వాసన ఎంత దూరం పోయిందంటే, నాలుగు వీధుల అవతల పెద్ద హోటల్లో భోంచేస్తున్నవాళ్లు ఉన్నవాళ్లు ఉన్నట్టే లేచి నడుచుకుంటూ వచ్చేశారు. కొందరి చేతుల్లో ఫోర్కులు కూడా ఉన్నాయి. వెనకాలే రొప్పుతూ మేనేజరు. 'అయ్యా, మా హోటల్లో కుర్చీలు తప్ప ఎవరూ మిగల్లేదు, ఒకసారి వచ్చి మా వంటలో లోపమేమిటో చెప్పండి' అని చేతులు పట్టుకున్నాడు. కాదంటే బాగుండదు కదా, నేనూ మీ పిన్నీ వెళ్లాం."

"పిన్ని ఏమంది?" అంది అక్క.

"మీ పిన్ని సంగతి తెలుసు కదా, ఏమీ అనదు. సూపు తెచ్చారు. ఒక్క చెంచా నోట్లో పోసుకుని కళ్లు మూసుకున్నా. 'ఈ సూపు చేసిన మనిషికి ఎడమ భుజం నొప్పి. మూడు రోజులైంది. స్టూలు మీంచి పడ్డాడు' అన్నా. మేనేజరు మొహంలో నెత్తుటి చుక్క లేదు. ఇంతలో లోపల్నుంచి పెద్ద వంటాయన వచ్చాడు. ఎడమ చెయ్యి గుడ్డతో మెడకి వేలాడుతోంది. కళ్లనిండా నీళ్లు. 'ఎవరు చెప్పారండీ మీకు?' అన్నాడు. 'సూపే చెప్పింది నాయనా' అన్నా."

"స్టూలు సంగతి కూడా సూపే చెప్పిందా?" అన్నాడు ఎలక్ట్రీషియన్.

"లేదు. అది ఉప్పు చెప్పింది."

ఎలక్ట్రీషియన్ టీ గుటకేశాడు. బాబాయ్ కాళ్లు ముడుచుకుని బెంచీ మీద సర్దుకున్నాడు.

"ఆ వంటాయన నన్ను వదిలితేగా! ఫలానా దేశంలో ఏటా రొట్టెల పోటీ జరుగుతుంది, మీరు వెళ్లకపోతే నేను గరిటె పట్టనని మొండికేశాడు."

"ఏ దేశం బాబాయ్?" అన్నాడు టైలర్.

"పేరు పలికితే నీ నాలుక మడతపడిపోతుంది. రేపు నీకు పని ఉంది, వద్దులే. సరే, విమానమెక్కా. పోటీకి కావలసిన మైదా, ఈస్ట్ సంచిలో కాళ్ల దగ్గర పెట్టుకున్నా. ఇంకో గంటలో దిగుతామనగా పైలట్ తలుపు తీసుకుని బయటికొచ్చి, 'ఇక్కడ డ్రైవింగ్ తెలిసినవాళ్లు ఎవరైనా ఉన్నారా?' అన్నాడు. నేను చెయ్యెత్తా. బస్సా, విమానమా అని ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఒకవైపు చక్రం ఊడిపోయిందట! స్టెప్నీ ఉందా అన్నా. లేదన్నాడు. 'ముప్ఫై ఒక్క ఏళ్లలో నేను స్టెప్నీ లేకుండా డిపో గేటు దాటలేదు' అని మొహం మీదే చెప్పా. పాపం, తలొంచుకున్నాడు."

"అప్పుడు రొట్టె చేశావు," అన్నాడు ఎలక్ట్రీషియన్.

"చెయ్యక? రెండొందల ప్రాణాలు! టీ తెచ్చే బండి మీద పిండి పోసి పిసికా. ప్రయాణికులందరూ వరసకట్టి తలో గుద్దూ గుద్దారు. నేలలో ఒక మూత ఉంటుంది, అది తీసి, పిండిని చక్రం ఉండాల్సిన చోట గుండ్రంగా చుట్టా. చక్కగా పొంగింది. ఇక కాల్చాలి."

"విమానంలో పొయ్యి వెలిగించనివ్వరు."

"పొయ్యెందుకురా? మబ్బుల పైన ఎండ ఎలా ఉంటుందో నీకేం తెలుసు! పైలట్‌తో చెప్పా, 'ఇరవై నిమిషాలు మామూలుగా నడుపు, ఇరవై నిమిషాలు బోర్లించి నడుపు, రెండువైపులా ఎర్రగా రావాలి' అని. బోర్లించినప్పుడు కొంతమందికి వాంతులయ్యాయి, లేదనను. రొట్టె మాత్రం సమానంగా కాలింది. దిగాం. మూడుసార్లు ఎగిరింది, నాలుగోసారి బుద్ధిగా నిలబడింది. రొట్టెకి ఒక్క పగులు లేదు! కింద పనిచేసేవాళ్లు వెన్న డబ్బాలు పట్టుకుని పరుగెత్తుకొచ్చారు."

"జామ్ తేలేదా?" అంది అక్క.

"కస్టమ్స్‌వాళ్లు ఆపేశారు."

"మరి మైదా అంతా చక్రానికే అయిపోయింది కదా, పోటీకేం చేశావు?" అన్నాడు టైలర్.

"చక్రంలోంచే ఒక ముక్క కోసి పట్టుకెళ్లా. తక్కెడలో పెట్టారు. ముల్లు సున్నా దాటి వెనక్కి పోయింది. జడ్జీలు కళ్లద్దాలు తుడుచుకుని మూడుసార్లు తూచారు. మూడుసార్లూ అంతే. ముక్క తీసేస్తే తక్కెడ బరువెక్కుతోంది. గాలికి పోకుండా దారంతో బల్లకి కట్టేశారు. పెద్ద జడ్జి ఒక ముసలావిడ. పదకొండేళ్లుగా చెవుడు. ఒక ముక్క నోట్లో పెట్టుకుని, 'ఎవరదీ అంత చప్పుడు చేస్తూ నములుతున్నారు?' అని విసుక్కుంది. నములుతున్నది తనే! ఇంకేముంది, ఇంత కప్పు నా చేతిలో పెట్టారు."

"ఆ కప్పు మేమెవరమూ చూళ్లేదే," అన్నాడు ఎలక్ట్రీషియన్.

"ఎలా చూస్తావు? ఇంటికి తెచ్చి అందులో ఈస్ట్ నానబెట్టా. కప్పు కూడా పొంగింది. గుమ్మంలో పట్టలేదు. మున్సిపాలిటీవాళ్లు నీళ్ల ట్యాంకుగా వాడుకుంటామని తీసుకెళ్లారు."

టైలర్ గ్లాసు పక్కన పెట్టి, జేబులోంచి బట్టల కొలతలు రాసుకునే చిన్న పుస్తకం తీశాడు.

"బాబాయ్, నిజంగా నీతో పనుండే ఇవాళ కొట్టు మూసి వచ్చాను," అన్నాడు. "రేపు మా పాపకి ఏడేళ్లు నిండుతాయి. వాళ్లమ్మ ట్రైనింగుకని వెళ్లింది, రావడానికి ఇంకా పది రోజులు. పాపేమో ఈసారి కొన్న కేకు వద్దు, నాన్నే చెయ్యాలంది. నేను సరేననేశాను. నిన్న ఒకటి చేసి చూశాను. చాకు దిగలేదు. చివరికి గుడ్డ కోసే కత్తెరతో కోశాను."

ఎలక్ట్రీషియన్ నవ్వబోయి మానేశాడు.

"పాప ఏమంది?" అని అడిగింది అక్క.

"ఏమీ అన్లేదక్కా. ముక్కంతా తింది. రెండు గ్లాసుల నీళ్లు తాగింది. 'బాగుంది నాన్నా' అని వెళ్లి పడుకుంది." టైలర్ పుస్తకంలో కొత్త పేజీ తిప్పాడు. "అందుకే, చెప్పు బాబాయ్. ముందు ఏది కలపాలి? చక్కెరా, గుడ్లా?"

బాబాయ్ గొంతు సవరించుకున్నాడు. "రెండూ కలపాలి."

"ఏది ముందు?"

"అది... చేతికే తెలుస్తుందిరా."

"మైదా ఎంత?"

"సరిపడా."

టైలర్ 'సరిపడా' అని రాసుకున్నాడు. దానివైపు కాసేపు చూశాడు. "ఓవెన్ ఎంత వేడిలో పెట్టాలి?"

"బాగా వేడిగా ఉండాలి. మరీ ఎక్కువ కాదు."

"ఎంతసేపు?"

"అయ్యేదాకా."

పెన్సిలు ఆగింది. టైలర్ వెటకారంగా అడగలేదు, గొంతు పెంచలేదు, తోటి మనిషిని దారి అడిగినట్టే అడిగాడు. "బాబాయ్, నువ్వెప్పుడైనా కేకు చేశావా?"

అక్క స్టవ్ తగ్గించింది. బాబాయ్ డిపో గేటు వైపు చూశాడు. ఖాళీ బస్సొకటి మెల్లగా లోపలికి తిరుగుతోంది. అది పూర్తిగా తిరిగేదాకా చూస్తూనే ఉన్నాడు.

"లేదు," అన్నాడు.

"రొట్టె?"

"లేదు."

"మరి ఇంట్లో అన్నీ నువ్వే చేస్తానంటావు కదా?"

"మీ పిన్ని చేస్తుంది. నేను గిన్నెలు కడుగుతాను." ఎలక్ట్రీషియన్ వైపు తిరిగి, "అది మాత్రం నిజంరా," అన్నాడు.

బాబాయ్ లేచి, చొక్కా కింది అంచు లాగి సరిచేసుకుని, టైలర్ భుజం తట్టాడు.

"పద. మీ పిన్ని ఇంట్లోనే ఉంది. ఇవాళ ఒకటి చేసి చూద్దువు గాని, బాగా వస్తే రేపు పాపకి చేద్దువు. ఆ పుస్తకం పట్టుకురా."

టైలర్ వెంట నడుస్తూ కాస్త సంకోచంగా అడిగాడు. "పిన్ని నాకు అర్థమయ్యేలా చెప్తుందా బాబాయ్?"

"చెప్తుంది. ఆవిడ నాలా కాదురా," అన్నాడు బాబాయ్. "అంతా గ్రాముల్లో చెప్తుంది."