దర్వాజ మీది అద్దం

ఎమర్జెన్సీ ఎత్తేసిన ఏడాది జనగామ బజారులో దొంగలు పడ్డారని, వాకిట్లోకి ఎవరొచ్చినా పొయ్యి దగ్గరికే కనపడేలా ఒక షావుకారింట్లో నడిమింటి దర్వాజ మీద అద్దం బిగించారు. పొగ పట్టిన ఆ అద్దాన్ని పనిమనిషి చిలుకమ్మ స్టూలెక్కి తుడుస్తోంది. ఇంటి కోడలు కస్తూరి స్టూలు పట్టుకుంది.

“అమ్మా, గిది వాకిలి దిక్కు లేదు. నేను బియ్యం చెరిగే కాడికి తిరిగున్నది.”

“గాలికి తిరిగిందేమో.”

“మేకు గొట్టినంక గాలికెట్ల తిరుగుతదమ్మా? ఒడిల బియ్యం దాసుకపోతనని మీ అనుమానం. నాకు ఎన్నడో ఎర్కే.”

కస్తూరి తల దించుకుంది. “ఎట్ల ఎర్క?”

“అండ్ల నేను మీకు కనపడ్తే, మీరు నాకు కనపడరా?”

కస్తూరి చప్పున తలెత్తింది. “నేనేం జేస్తుంటే కనపడ్డ?”

“ఒక్కపొద్దులనాడు పొయ్యికాడ గూసొని సద్దన్నం తింటరు.”

“అత్తమ్మకు చెప్పినవా?”

“ఎందుకు జెప్త? మీరు తిన్నంతసేపు ఆమె అటు రాకుండ నేనే ముచ్చట్ల వెడ్త.” చిలుకమ్మ అద్దం అంచు పట్టుకుంది. “ఇగ జెప్పుండ్రి, దీన్ని ఎటు తిప్పాలె?”

కస్తూరి ఒక చేత్తో స్టూలు పట్టుకునే, రెండో చేత్తో వాకిలి వైపు చూపించింది.