కళావతమ్మ బల్ల దగ్గర మాటలు వద్దు

అది అగరొత్తుల స్టాండు కాదే అమ్ములూ, తూటా గొట్టం. ఖాళీదేలే, చెయ్యి వెనక్కి లాక్కోకు. పాత త్రీ నాట్ త్రీ రైఫిల్‌ది. అగరొత్తి సరిగ్గా పడుతుందని దేవుడి దగ్గర పెట్టాను, మీ అత్తయ్య తిడుతూనే ఉంటుంది. కళావతమ్మ ఇచ్చింది. నువ్వు చూళ్ళేదు ఆవిణ్ణి, మీరు సిడ్నీకి, ఈ క్వేకర్స్ హిల్‌కి వచ్చేసరికే పోయింది. మా యోగానంద్ లేడూ, మత్తు డాక్టరు, వాడి భార్య. ముప్ఫై ఏళ్ళు ఇక్కడే ఫార్మసిస్టుగా చేసి రిటైరైంది. రిటైరైన ఆడవాళ్ళు మన దగ్గర ఏం చేస్తారు, భజనలకెళ్తారు, మనవల్ని ఆడిస్తారు. ఈవిడ తూటాలు తయారుచేసేది. పెండిల్ హిల్‌లో, వాళ్ళ గరాజ్‌లో. అలా చూడకు, దొంగచాటుగా కాదు. లైసెన్సుంది, ఇనప బీరువా ఉంది. పోలీసులొచ్చి బీరువా తనిఖీ చేసి, పులిహోర తిని వెళ్ళేవాళ్ళు.

ఎలా మొదలైందంటావా, యోగానంద్‌కి పాత రైఫిళ్ళ పిచ్చి. షూటింగ్ క్లబ్బులో చేరాడు. నేనూ చేరాననుకో, నాకు తుపాకీ కన్నా అక్కడి ఆదివారం బార్బీలో కాల్చే చికెన్ మీద ధ్యాస. కళావతమ్మేమో, "ఈయన ఇంట్లో బల్బు మార్చలేరు అన్నయ్యగారూ, తుపాకీ కాలుస్తారా, పక్కన నేనుంటే మంచిది" అని వచ్చింది. మూడు నెలల్లో మొగుణ్ణి దాటిపోయింది. పిస్తోలు కూడా పట్టింది. ఆ పాత రైఫిళ్ళకి తూటాలు కొట్లో ఓ పట్టాన దొరకవు. అందుకని కాల్చేసిన ఇత్తడి గొట్టాలు ఏరి తెచ్చుకుని, కడిగి, మళ్ళీ మందు పోసి, పైన గుండు కూర్చి వాడుకుంటారు. మిగతావాళ్ళు వాటిని మిషన్లలో తోమేవాళ్ళు. ఈవిడ చింతపండేసి, దీపపు కుందులు తోమినట్టు తోమేది. కెవిన్ అని ఓ ముసలాయన, "కలా, మీవి అంత మెరుస్తాయేం" అంటే, "టామరిండ్" అంది. వాడెళ్ళి చింతపండు మిఠాయి కొనుక్కొచ్చి రుద్దాడు. వాడి షెడ్డునిండా చీమలు. వారం రోజులు మాతో మాట్లాళ్ళేదు, పాపం.

ఏం చెప్తున్నాను... ఆఁ, తూకం. వంటింట్లో చెంచా ముట్టని మనిషి. ఉప్పూ కారం అన్నీ చేతి అందాజే. గరాజ్‌లో మాత్రం మందు తూచేటప్పుడు ఫ్యానాపించేది, గాలికి త్రాసు కదులుతుందని. గోడమీద పెద్ద అక్షరాలతో, తెలుగులో, "బల్ల దగ్గర మాటలు వద్దు" అని కాగితం. ఆ ఇంటికొచ్చే తెలుగువాళ్ళలో ఆ బల్ల దాకా వెళ్ళేవాణ్ణి నేనొక్కణ్ణే. అంటే అది ఎవరికోసమో నువ్వే చెప్పు.

దసరా రోజున వెళ్ళాను. ఆయుధపూజ చేసి, గొట్టంలో గుండు బిగించే ప్రెస్సుకి పసుపు రాసి కుంకంబొట్టు పెట్టింది. మర్నాడు పోటీ. యోగానంద్‌కి అప్పటికే చేతులు వణుకుతున్నాయి. ఇదే ఆఖరు, ఆ తర్వాత రైఫిల్ ఇచ్చేస్తానన్నాడు. వాడికోసం యాభై తయారుచేస్తోంది. మీ అత్తయ్య పంపిన బొబ్బట్ల డబ్బా పట్టుకెళ్ళి, ఒకటి నేనే తింటూ, మా అల్లుడు భార్గవ్ మెల్‌బోర్న్‌లో, టార్నీట్‌లో ఇల్లు కొన్న కథ ఎత్తుకున్నాను. తలెత్తకుండా, "అన్నయ్యగారూ, ఆ ఇల్లు రేపు కూడా అక్కడే ఉంటుంది" అంది. ఇంతలో ఎవరో బెల్లు కొడితే లేచి వెళ్ళింది. గొట్టాలు నిలబెట్టే చిల్లుల చెక్కలో కుడివైపు మందు పోసినవి, ఎడమవైపు ఖాళీవి. ఎంత మెరుస్తోందో అని ఖాళీది ఒకటి తీసి చూస్తున్నాను. అడుగుల చప్పుడైంది. గబుక్కున పెట్టేశాను. పెట్టింది కుడివైపు.

అంత పెద్ద తప్పా అనకు. మందు లేని తూటా కాలిస్తే గుండు బయటికి రాదు, తుపాకీ గొట్టంలోనే ఇరుక్కుంటుంది. తెలీక దాని వెనకాల ఇంకోటి కాల్చావా, తుపాకీ కాల్చినవాడి మొహంమీదే పేలుతుంది. అంతా తెలిసీ నోరు విప్పలేదు నేను. గోడమీద కాగితం పెట్టినా వినలేదు, పైగా వేలు పెట్టాను, ఇప్పుడు ఏం మొహంతో చెప్పను? ఆవిడే మళ్ళీ ఓసారి చూసుకుంటుందిలే అనుకున్నా.

మర్నాడు పొద్దున్నే క్లబ్బు రేంజ్‌లో పోటీ. యోగానంద్ చాపమీద బోర్లా పడుకున్నాడు, చెవులకి మఫ్లు పెట్టుకున్నాడు, మొదటి తూటా తీశాడు. ఇంక నావల్ల కాలేదు. గుండె పట్టుకుని గడ్డిలో కూలబడ్డాను. "సీజ్ ఫైర్" అని అరిచారు, అంతా ఆగిపోయింది. కెవిన్ నా షూస్ విప్పేస్తున్నాడు, ఎందుకో మరి. యోగానంద్ వచ్చి నా మణికట్టు పట్టుకుని, "ఒరే సత్యం, నా పల్స్ కన్నా నీదే బావుంది. ఏం చేసి చచ్చావో చెప్పు" అన్నాడు. చెప్పాను. వాడి మొహం పాలిపోయింది. కళావతమ్మ ఫ్లాస్కులోంచి కాఫీ వంచుతూ, "నాకు తెలుసు" అంది. "మీరు వెళ్ళగానే చూశాను, ఆ గొట్టం మీద నెయ్యి వేలిముద్ర. చెక్కలో ఉన్నవన్నీ ఒంపేసి యాభై మళ్ళీ మొదట్నించీ చేశాను. పెట్టెలో ఉన్నవి అవే." యోగానంద్‌కి ఒళ్ళు మండింది. "మరి నాకెందుకు చెప్పలేదే" అన్నాడు. "మీకు చెప్తే అన్నయ్యగారికి చెప్పేస్తారుగా. ఆయనంతట ఆయన చెప్తారో లేదో చూద్దామని." కాఫీ నాకే ఇచ్చింది ముందు.

ఈ కథ నేను ప్రతి పార్టీలో చెప్తాను. నవ్వుతారు అందరూ. నువ్వూ నవ్వావుగా.

ఆవిడ ఆస్పత్రిలో ఉన్నప్పుడు కూడా చెప్పాను, నవ్వించడానికి. వాళ్ళమ్మాయి శ్రీదివ్య, నర్సు, అందరూ నవ్వారు. వాళ్ళు బయటికెళ్ళాక నన్ను దగ్గరికి పిలిచి, మెల్లిగా, కోపం కూడా లేదు గొంతులో, "అన్నయ్యగారూ, ఆయన మొదటిది తీసినప్పుడు కాదు మీరు పడింది. ఎనిమిది కాల్చాక. నేను లెక్కపెడుతూనే ఉన్నాను" అంది.

ఎనిమిది.

...ఆ కప్పు ఇటివ్వు, టీ చల్లారిపోయినట్టుంది.