పీల్చి చూడని గొట్టం

“రేపటినుంచి బండి వణికితే ఎవరిని పిలవాలండీ? నడిరోడ్డులో ఆగిపోతే? వెనకాల లారీ ఉంటే?”

పెద్ద మెకానిక్ గారి పదవీ విరమణ సంచికకు వ్యాసం రాయమని మేనేజరుగారు తెల్లకాగితాలు చేతిలో పెట్టగానే, ఈ వర్క్‌షాపు విడిభాగాల స్టోరు కిటికీలో కూర్చునే ఆమె నోట ముందుగా వచ్చిన మాట ఇది. “అభినందన రాయమంటే అపశకునాలు పలుకుతావేంటమ్మా!” అని ఆయన నవ్వారు. ఇది రాస్తున్నది ఆ మనిషే. పదిమందీ చదివే కాగితంలో “నేను, నేను” అంటే ఎవరేమనుకుంటారోనన్న భయం కొద్దీ తనను “ఆమె” అనే రాసుకుంటోంది, పెద్దలు మన్నించాలి.

1987 సెప్టెంబరు పద్నాలుగో తేదీ సోమవారం ఉదయం పెద్ద మెకానిక్ గారు ఈ సంస్థలో ఫిట్టరుగా చేరారు. క్రమశిక్షణకు, నిరాడంబరతకు, మితభాషిత్వానికి మారుపేరై, ఆరేళ్ళకు మెకానిక్కుగా, ఆపై పదేళ్ళకు ఈ షెడ్డు మొత్తానికి పెద్దగా నియమితులయ్యారు. మూరెడు రబ్బరు గొట్టం ఒక కొస చెవిలో పెట్టుకుని, రెండో కొసను ఇంజను చుట్టూ తిప్పుతూ వారు వింటున్నంతసేపూ షెడ్డులో సుత్తి చప్పుడు కూడా వినబడేది కాదు. ఇంజను గాలి పీల్చుకుని బతుకుతుందనీ, ఆ దారిలో ఎక్కడ సందు పడినా దొంగగాలి చొరబడి నిలకడ తప్పిస్తుందనీ వారే అందరికీ నేర్పారు. ముందర అందరూ పెద్దసార్ అనేవారు, వెనక గొట్టంసార్. “ఇంట్లో ఫ్రిజ్జుకి పెట్టారు, సరే. నా గురకకి కూడా పెట్టి విన్నారమ్మా!” అని వారి శ్రీమతిగారు ఒకసారి కిటికీ దగ్గర వాపోయారు.

కంప్యూటరు యంత్రాలు వచ్చిన తర్వాత కూడా వారి గొట్టం పక్కకు పోలేదు. “గాలి ఎక్కువైందని మాత్రమే అది చెబుతుంది. ఎక్కణ్ణించో మనమే వెతుక్కోవాలి” అనేవారు. ఇంకొక నియమం కూడా ఉండేది. ఇంజనుకు గాలి లాగే కొత్త గొట్టం ఏది బిగించే ముందైనా దాన్ని వేడినీళ్ళలో ముంచి, ఒక కొస వేలితో మూసి, రెండో కొస నోట పెట్టి గట్టిగా పీల్చేవారు. నొక్కుకుపోయిందా, అవతల పారేసేవారు.

నిరుడు జరిగిన సంగతి ఒకటి చెప్పకపోతే ఈ వ్యాసానికి అర్థం లేదు. ఆమె కూతురు ఆస్పత్రిలో నర్సు. రెండేళ్ళ పాపను వెనక సీట్లో కూర్చోబెట్టుకుని రోజూ ఇంటి కారులోనే వెళుతుంది. ఆ కారు ఆగినచోటల్లా వణికేది. ఇంజను మోత తనంతట తానే పైకి లేచి, ఉసూరుమని పడిపోయేది. రెండు షాపులవాళ్ళు ప్లగ్గులు మార్చారు, వణుకు మారలేదు. “అమ్మా, కారు నన్నేం చెయ్యదుగానీ, నీ భయంతో నువ్వే చంపేట్టున్నావు” అని కూతురు విసుక్కునేది.

ఒకనాడు భోజన విరామంలో, కూతురి చేత కారు షెడ్డుకు తెప్పించి, ఆమె ఏడుస్తూ పెద్దసార్ ముందు నిలబడింది. వారు టిఫిను డబ్బా మూసేసి లేచారు. చెవిలో గొట్టం పెట్టుకుని వెతగ్గా వెతగ్గా, ఇంజను గాలి పీల్చే బలాన్ని బ్రేకుకి అందించే గొట్టం దగ్గర ఆగారు.

“ఇదిగో, ఇక్కడ బుసకొడుతోంది. అడుగున చీలింది, అందుకే ఎవరికీ కనబడలేదు. ఇదే లావుది పట్రామ్మా.”

ఆమె పరుగున పోయి తెచ్చింది. “త్వరగా సార్! దాని డ్యూటీ టైమైపోతోంది, త్వరగా!”

వారు బిగించారు. ఇంజను పసిపాప నిద్రలా కుదుటపడింది.

మూడోరోజు కూతురు ఫోను చేసింది. “అమ్మా, బ్రేకు పెడలు రాయిలా బిగుసుకుపోయింది, ఎంత తొక్కినా దిగలేదు. హ్యాండుబ్రేకు లాగి ఆపాను. ముందున్న బస్సుకి జానెడు దూరం. పాప బాగానే ఉంది, నువ్వు పడిపోకు.”

ఆమె పడిపోనే పడిపోయింది. తేరుకున్నాక ఆమెను వెంటబెట్టుకుని, పెద్దసార్ సంచీ భుజాన వేసుకుని అక్కడికి వెళ్ళి బానెట్ ఎత్తారు. వేడెక్కిన కొత్త గొట్టం రిబ్బనులా అణిగిపోయి ఉంది. అది నీళ్ళ గొట్టం. లోపలినుంచి తోస్తే ఆగుతుందిగానీ పీలిస్తే ఆగదు. కంగారులో పక్క అరలోంచి తీసుకొచ్చింది ఆమే.

“తప్పు నాదే కదా సార్?”

వారు అణిగిన గొట్టాన్ని ఊడదీసి సంచీలో వేసుకున్నారు. సరైన గొట్టం బిగించి, తుండుగుడ్డతో చేతులు తుడుచుకుని వెళ్ళిపోయారు. ఆనాటినుంచి ఆ కారు వణకలేదు. ఆమె మాత్రం పదకొండు నెలలుగా గొట్టాల అరలోంచి ఏది తీసినా, దానిమీది అచ్చు రెండుసార్లు చదివిగానీ ఇవ్వడం లేదు.

అట్టి కార్యదక్షులు ఇకమీదట శ్రీమతిగారితోనూ మనుమలతోనూ, గుండె నిలకడగా కొట్టుకుంటూ, ఏ దొంగగాలీ సోకక, ఆయురారోగ్యాలతో నిండు నూరేళ్ళు వర్ధిల్లాలని ఈ సిబ్బంది అందరి ఆకాంక్ష.

ఇంతవరకూ రాసి, అచ్చుకిచ్చే ముందు ఆమె వారికి చదివి వినిపించింది. వారు బల్లమీదున్న గొట్టాన్ని చుడుతూ, విప్పుతూ కూర్చున్నారు.

“ఆ సంగతి కొట్టెయ్యమంటారా సార్?”

 బయట ఒక బండి స్టార్టయి, వెళ్ళిపోయింది.

“బాగాలేదా సార్? నా మీద ఇంకా కోపమా?”

వారు గొట్టాన్ని బల్లమీద పెట్టేశారు.

“కొట్టెయ్యకమ్మా. ఒక ముక్క తక్కువైంది, కలుపు. ఆరోజు నువ్వు ఏడుస్తుంటే నేను పీల్చి చూడకుండానే బిగించేశాను. తప్పు నాది. చెప్పడానికి నాకే నోరు రాలేదు.”