హోల్డర్లో పట్టని అంచు

అబ్బబ్బ, అలా మీదకి వంగకు వదినా, నీడ పడుతోంది! ఈ ఫిల్ముని హోల్డర్లో ఇరికించలేక నా తల ప్రాణం తోకకొచ్చిందంటే నమ్ము. ఇటు నొక్కితే అటు లేస్తుంది. రెండు కొసలూ పట్టుకుంటే నడుం ఎత్తుతుంది. మూత వేసేలోపే చుట్టుకుపోతుంది.

ఏంటీ? స్టూడియో ఆయనకే ఇచ్చెయ్యాల్సిందా? ఇచ్చెయ్యాల్సిందే! రీలు కడిగిచ్చినప్పుడే ఆయన చెప్పనే చెప్పాడు. "ఇది మామూలు ఫిల్ము కాదండీ, పెద్ద సైజు. ఏళ్ళ తరబడి కెమెరాలో చుట్టుకుని ఉంది, ఆ వంకర ఓ పట్టాన పోదు. నేనే స్కాన్ చేసిస్తా" అన్నాడు. నేను ఊరుకుంటానా? "ఒంటికి అతికినట్టు కోట్లు కుట్టేవాణ్ణి, ప్లాస్టిక్ చట్రంలో ఫిల్ము పెట్టలేనా?" అన్నాను. తగుదునమ్మా అని ఆయన స్కాన్ మిషను అరువు తెచ్చుకున్నాను.

వేలిముద్రలు పడకుండా తెల్ల గ్లౌజులు కూడా ఇచ్చాడు పాపం. నా వేళ్ళకి పడితేగా! దర్జీనై ఉండి నాకే కొలత కుదరలేదు. నవ్వు, నవ్వు.

వద్దులే, నవ్వకు. నువ్వెందుకొచ్చావో నాకు తెలీదూ? అన్నయ్య లోకంలో అందరికీ ఫోటోలు తీశాడు. నీకు తీసినవాటికైతే లెక్కే లేదు. నీ పక్కన తను నిలబడింది మాత్రం ఒక్కసారి. నా చేతిలో కెమెరా పెట్టి, "ఒరేయ్, రీలులో ఇదే ఆఖరుది, కదపకుండా నొక్కు" అన్నాడు. నొక్కాను. నా మొహం, ఆయన్ని మధ్యలో పెట్టి నిన్ను అంచుకి నెట్టేశాను. రీలు కెమెరాలోనే ఉండిపోయింది. ఆయన వెళ్ళిపోయాడు. మీరిద్దరూ కలిసున్న ఫోటో ఇదొక్కటే, తెలుసు వదినా.

అదే చెబుతున్నా, ఉండు. మిగతా ముక్కలన్నీ ఎలాగోలా కూర్చున్నాయి. ఈ ఆఖరుది మాత్రం హోల్డరు కంటే రెండు వేళ్ళు పొడుగు. రీలు చివర కొంత ఖాళీగా ఉంటుందని స్టూడియో ఆయన చెప్పాడులే, అదే అనుకున్నాను. దీపానికెత్తి చూశాను కూడా. నెగటివ్‌లో అంతా తిరగబడుతుందిగా, అన్నయ్య తెల్ల చొక్కా నల్లగా, దిట్టంగా కనిపించింది. దాని పక్కనంతా తేటగా, ఏమీ లేనట్టే ఉంది.

నల్లటివే అలా తేటగా అయిపోతాయని ఈ మట్టిబుర్రకి తట్టొద్దూ? ఆ రోజు నువ్వు నేను కుట్టిన నల్ల కోటు వేసుకున్నావు. నిలబడిందేమో చెట్టు నీడలో. మొహమన్నా ఇటు పెట్టావా అంటే అదీ లేదు, ఆయనకేసి తిరిగి చూస్తున్నావు. ఇటువైపు పడిందల్లా నీ నల్ల జుట్టే, అదీ తేటపడిపోయింది.

బల్ల మీద కత్తెర ఉంది. దర్జీ బల్ల మీద ఇంకేముంటుంది? అంచు ఎక్కువైతే చెయ్యి దానంతటదే పోతుంది వదినా, నన్నడగదు. కత్తిరించేశాను.

మిషన్లో పెడితే తెర మీద అన్నయ్య ఒక్కడే వచ్చాడు. నవ్వుతున్నాడు. ఆయన భుజం మీద ఓ చెయ్యి ఉంది, మణికట్టు దాకానే. అప్పుడు తెలిసింది నేనేం చేశానో. కింద పడ్డ ముక్క కోసం ఈ గుడ్డపీలికలన్నీ నేల మీద పరిచి వెతికితే దొరికింది.

నువ్వు తలుపు తట్టినప్పట్నుంచీ కుస్తీ పడుతున్నది ఆ రెండు ముక్కల్నీ పక్కపక్కన చేర్చడానికే. చేరినా మధ్యలో గీత పడుతుంది. మీ ఇద్దర్నీ చేతులారా విడదీశాను.

అలా చూడకు. అన్నయ్య ఉంటే ఈపాటికి నా వీపు విమానం మోత మోగిపోయేది. ఆయన పోయాక ఎన్ని వెధవపనులు చేసినా అందరూ "పోనీలే పాపం" అంటున్నారు. ఆ మాట పడలేకపోతున్నాను వదినా. నువ్వైనా తిట్టు.